బళ్ళారి రాఘవగారు

సాయంకాలము దీపము పెట్టు వేళకు నేడు ప్రతి గృహమునందును ఇంటిల్లిపాదియు టెలివిజను ముందు చేరుచున్నారు. అందు ప్రతిదినము వచ్చు ధారావాహిక నాటకములో అత్తగారి వేషము వేసినయామె ఏ యూరిది, కథానాయకుడు మునుపు ఏ చిత్రములో నటించెను, అతని తల్లిదండ్రులెవరు, అతడెంతవరకు చదివెను అను సంగతులు మన పిల్లలకు కంఠపాఠముగా వచ్చును. ఇందు తప్పు లేదు. ఒకరి నటనము చూచి ఆనందించినవారు ఆ నటుని జీవితమునుగూర్చి తెలిసికొనగోరుట సహజము. అయితే నటుడనిన మర్యాదస్థుల యిండ్లలో ముఖము చిట్లించుకొను కాలమొకటి యుండెను. కుమారుడు వేషము కట్టెనని తండ్రియు, అల్లుడు నాటకములాడునని మామయు తలవంచుకొను రోజులవి. ఆ కాలమునుండి ఈ కాలమునకు మనము ఊరక రాలేదు. కొందరు మహానుభావులు తమ విద్యను, పలుకుబడిని, ధనమును, కడకు తమ సుఖమును సైతము రంగస్థలమునకు ధారవోసి దానికి గౌరవము గడించిపెట్టిరి. అట్టివారిలో అగ్రగణ్యులు బళ్ళారి రాఘవగారు.

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున వారి చరిత్రమును పాఠకమహాశయుల ముందుంచుట ఉచితమని తలచితిమి. మన అలమారులలో అట్టలూడి, అంచులు నలిగియున్న పుస్తకములలో నాటకములే హెచ్చు. ఊర పండుగ వచ్చినపుడెల్ల వానిని తీసికొనిపోయి పాత్రలు పంచుకొనువారు నేటికిని మన గ్రామమున కలరు. అట్టి యువకులకు ఈ చరిత్రము వినోదమునకే గాక ఉపదేశమునకును పనికివచ్చును.

రాఘవగారి పూర్తి పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. వారు 1880వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన తాడిపత్రిలో జన్మించిరి. నేడు ఆ పట్టణము అనంతపురము జిల్లాలోనిది. కాని ఆ జిల్లా 1882లోగాని ఏర్పడలేదు. అంతకుముందు ఆ ప్రాంతమంతయు బళ్ళారి జిల్లాలోనిదే. తండ్రి నరసింహాచార్యులుగారు బళ్ళారి ఉన్నతపాఠశాలలో తెలుగు పండితులు. తల్లి శేషమ్మగారు. విచిత్రమేమనగా, కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరములో తమ విద్యార్థులచేత వ్యవహారధర్మబోధిని అను నాటకమును ఆడించినదియు ఆ 1880వ సంవత్సరముననే. ఆధునికరీతిలో తెలుగు నాటకము రంగమెక్కుట దానితో మొదలైనదని చరిత్రకారులు చెప్పుదురు. అది న్యాయవాదుల నడవడిలోని లోపములను ఎత్తిచూపు ప్రహసనము. తెలుగు నాటకము న్యాయవాదిని పరిహసించుచు కన్ను తెరచిన సంవత్సరముననే, తెలుగు నాటకమునకు గౌరవము తేగల న్యాయవాది యొకరు పుట్టిరన్నమాట.

ఆనాటి బళ్ళారిని కొంచెము తెలిసికొనినగాని రాఘవగారిని తెలిసికొనలేము. మదరాసు రాజధానిలో అది పెద్ద పట్టణము. తెలుగును కన్నడమును కలిసి వినబడు చోటు. సమీపముననే హంపీ శిథిలములు. అట్టి పట్టణమున ఇరువురు పెద్దలు ఒకే కాలమున నాటకవిద్యను చేపట్టిరి. ఇరువురును వృత్తిచేత న్యాయవాదులే. ఒకరు ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు. వీరు 1853లో జన్మించిరి. సరసవినోదినీ సభను స్థాపించి చిత్రనళీయము మొదలగు నాటకములను స్వయముగా రచించి, ప్రదర్శించి, ఆంధ్రనాటక పితామహులని పేరొందిరి. వారి విషాదసారంగధరము తెలుగున విషాదాంత నాటకములకు దారి తీసినది. రెండవవారు కోలాచలం శ్రీనివాసరావుగారు. 1854లో హంపీ చెంతనున్న కమలాపురమున పుట్టిన వీరు సుమనోరమ సభను నడపి చారిత్రక నాటకములకు ప్రసిద్ధిచెందిరి. ఒకరి సభ ఒక క్రొత్త నాటకమాడిన రెండవ సభవారు ఊరకుండెడివారు కారు. ఈ పోటీ వలన కలిగిన లాభము ప్రేక్షకులది.

రామకృష్ణమాచార్యులవారు రాఘవగారికి స్వయముగా మేనమామ. కనుక బాలునకు నాటకము బయటినుండి వచ్చిన వింత కాదు, ఇంటిలోని సంగతి. అయినను ఒక ముఖ్యమైన భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. తెలుగు నాటకములో పద్యములతోపాటు పాటలను విరివిగా ప్రవేశపెట్టి జనులను ఆకర్షించిన ఘనత మేనమామగారిది. ఆ పాట నటనమును మింగివేయకుండ కట్టడి చేయవలెనని జీవితాంతము పోరాడినవారు మేనల్లుడుగారు. ఒకే యింట పుట్టిన ఈ రెండు తలంపుల నడుమనే మన నాటకచరిత్రలో పెద్ద భాగము జరిగినది.

రాఘవగారు బళ్ళారిలో పాఠశాల చదువు ముగించి, మదరాసు క్రైస్తవ కళాశాలలో పట్టము పొంది, తరువాత న్యాయశాస్త్రము చదివి 1905లో ఆ పరీక్షయందు ఉత్తీర్ణులైరి. చదువు కాలముననే వారికి ఆంగ్లనాటకములయందు, అందు ముఖ్యముగా షేక్స్పియరు మహాకవి కృతులయందు గాఢమైన అభిమానము కలిగెను. బళ్ళారిలో షేక్స్పియరు క్లబ్బును నెలకొల్పి ఆ నాటకములను ఆంగ్లముననే ప్రదర్శించిరి. పాత్ర మనసులో ఏమి జరుగుచున్నదో దానిని మాటలోను, చూపులోను, మౌనములోను కూడ చూపవలెనను పాఠము వారికి ఆ పఠనమువలన లభించినది.

తరువాత బళ్ళారిలో న్యాయవాద వృత్తి ఆరంభించి స్వల్పకాలముననే నేరవిచారణలలో దిట్ట యను పేరు గడించిరి. ప్రభుత్వము తరఫున వాదించు పబ్లిక్ ప్రాసిక్యూటరు పదవియు వారికి వచ్చినది. పగలు న్యాయస్థానము, రాత్రి రంగస్థలము, ఇది వారి దినచర్య. కొందరు ఈ రెండింటికి పొసగదని తలచిరి. కాని ఒకదానికొకటి తోడుపడినదనియే మనకు తోచుచున్నది. బోనులో నిలిచినవాని కంఠము ఎప్పుడు వణకునో, అబద్ధమాడు సాక్షి చూపు ఎటు తప్పుకొనునో, కొడుకును పోగొట్టుకొన్న తల్లి ఏడ్వలేక ఎట్లు నిలిచిపోవునో న్యాయస్థానమున కనబడునంత స్పష్టముగా మరియెక్కడను కనబడదు. ఆ దృశ్యములను నిత్యము చూచిన కన్నులు రాఘవగారివి.

మరియొక విషయము. వారు నాటకమును జీవనోపాధిగా చేసికొనలేదు. తిండికి గుడ్డకు న్యాయవాద వృత్తియే ఆధారము. నాటకములపై వచ్చిన డబ్బు తరచుగా సత్కార్యములకే పోయెడిది. ఏదేని ఒక సంస్థ సహాయము కోరినచో అక్కడికి పోయి, వేషము కట్టి, వసూలైన సొమ్మును వారి చేతిలో పెట్టి వచ్చుట వారికి అలవాటు. నటునికి వేతనము తీసికొను హక్కు లేదని మనమనరాదు. కళచేతనే బ్రతుకు కళాకారులెందరో కలరు, వారి శ్రమకు ఫలము ముట్టవలసినదే. కాని ఆ కాలమున నాటకములు డబ్బునకై, వ్యసనమునకై యని లోకమనుచుండగా, ఒక పెద్ద న్యాయవాది చేతిలోని వ్యాజ్యములు ప్రక్కన పెట్టి, తన ఖర్చుతో రైలెక్కి, పరులకొరకై నటించుట చూచి ఆ లోకమునకు నోరు మూతపడినది.

ఇక వారు ఎదుర్కొన్న రంగస్థల పరిస్థితిని కొంత వివరింపవలెను. ఆనాడు నాటకమనగా పద్యము, పద్యమనగా రాగము. హార్మణీ శ్రుతి అందుకొనగానే నటుడు పాత్రను మరచి ఒక్కొక్క పద్యమును గడియసేపు సాగదీసెడివాడు. ప్రేక్షకులు వన్స్‌మోర్ అని కేక వేసినచో, చచ్చిపడియున్న పాత్ర లేచి పద్యము మరల పాడి మరల చచ్చిన సందర్భములను పెద్దలు నవ్వుచు చెప్పుకొనెడివారు. తరువాతి కాలమున కంట్రాక్టు నాటకములు వచ్చినవి. ఒక వ్యాపారి పేరుమోసిన పాటగాండ్రను వేర్వేరు ఊళ్ళనుండి పిలిపించి ఒక రాత్రికి ఒకచోట చేర్చును. వారికి కలసి సాధనచేయు అవకాశమే యుండదు. ఒకే నాటకములో అంకమునకొక కృష్ణుడు వచ్చుటయు కలదు. ఎవరి గొంతు వారిదే గాని నాటకము ఎవరిదియు కాదు.

రాఘవగారు దీనికి ఎదురు నిలిచిరి. రాజ్యము పోయి, ఆలిని అమ్ముకొను హరిశ్చంద్రుడు ఆ దుఃఖములో రాగాలాపన చేయునా యని వారి ప్రశ్న. మాట మాటవలె ఉండవలెను, కోపము కోపమువలె ఉండవలెను, ఏమియు పలుకని క్షణము కూడ నటనమే కావలెను అని వారి సిద్ధాంతము. ఎదుటి పాత్ర మాటలాడునపుడు వినుట కూడ నటుని పనియేయని వారు పట్టుపట్టిరి. నేడు ఇది అందరికి తెలిసిన సంగతివలె కనబడును. ఆనాడు పద్యము వినుటకై బండ్లు కట్టుకొని పదిమైళ్ళు వచ్చిన జనుల యెదుట పద్యమును కుదించి నిలబడుటకు ఎంత ధైర్యము కావలెనో ఊహించుకొనుడు. కొందరు రాఘవకు పాట రాదు గనుకనే పాట వలదనుచున్నాడని పరిహసించిరి. ఆ మాటలు విని వారు మార్గము మార్చుకొనలేదు.

ఆ మార్గము ఫలించిన పాత్రలలో మొదట చెప్పదగినది పఠాన్ రుస్తుం. కోలాచలం శ్రీనివాసరావుగారు విజయనగర సామ్రాజ్య పతనమును గూర్చి రచించిన నాటకములోని పాత్ర యిది. 1565లో జరిగిన తల్లికోట యుద్ధముతో ఆ మహాసామ్రాజ్యము కూలిన కథ బళ్ళారివారికి పరాయి కథ కాదు. కూలిన గోడలు కనుచూపు మేరలోనే యున్నవి. అందులో రాఘవగారు ధరించిన రుస్తుం పాత్ర వారి పేరును దక్షిణదేశమంతట వ్యాపింపజేసినది. బెంగుళూరులోని అమెచ్యూరు నాటక సంఘముతో వారికి సన్నిహిత సంబంధమేర్పడెను. 1919లో రవీంద్రనాథ ఠాకూరుగారు బెంగుళూరునకు వచ్చినపుడు రాఘవగారి నటనమును చూచి మెచ్చుకొనిరి. 1927లో మహాత్మాగాంధిగారు జబ్బుపడి మైసూరు సంస్థానములో విశ్రాంతి తీసికొనుచున్న కాలమున, రాఘవగారు హిందీలో ప్రదర్శించిన దీనబంధు కబీరు నాటకమును చూచి సంతసించిరి. నాటకములయందు అంతగా ఆసక్తి చూపని మహాత్ములు దానిని చూచుటయే విశేషము.

తెలుగు, కన్నడము, హిందీ, ఆంగ్లము అను నాలుగు భాషలలోను రాఘవగారు నటించిరి. హరిశ్చంద్రుడు, దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు, చాణక్యుడు వారు ధరించిన ప్రసిద్ధ పాత్రలలోనివి. షేక్స్పియరు నాటకములలో షైలాకు, ఒథెల్లో మొదలగునవి వారికి ప్రీతిపాత్రములు. చూడుడు, ఇందు దుష్టులే యధికము. దుష్టపాత్రను దుష్టుడుగా చూపి ఈసడింపజేయుట సులభము. వానిలో కూడ మనవంటి మనిషి ఒకడున్నాడని తోపజేయుట కష్టము. ఆ కష్టమైన పనియే రాఘవగారికి ఇష్టమైన పని.

1928లో వారు సముద్రయానము చేసి ఇంగ్లండును, ఐరోపాలోని మరికొన్ని దేశములను దర్శించిరి. అక్కడి నాటకశాలలలో ప్రదర్శనములు చూచి, రంగశిల్పము, దీపముల అమరిక, సాధన చేయు విధానము పరిశీలించిరి. సుప్రసిద్ధ నాటకకర్త బెర్నార్డు షాగారిని కలిసికొనిరి. శ్రీవైష్ణవ పండితుని యింట పుట్టి, ఆచారపరుల నడుమ పెరిగిన వారికి ఆ యాత్ర స్వల్పవిషయము కాదు. తిరిగివచ్చిన పిమ్మట వారి తలంపులు మరింత దృఢపడినవి.

ఆ తలంపులలో ముఖ్యమైనది, స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెననునది. ఆ కాలమున స్త్రీ వేషములు పురుషులే కట్టుచుండిరి. ఇందు గొప్ప కళాకారులు లేకపోలేదు. బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావుగారు సత్యభామగా, చిత్రాంగిగా రంగమున నిలిచినచో స్త్రీలే ముక్కుపై వ్రేలు వేసికొనెడివారు. 1956లో ప్రభుత్వము వారికి పద్మశ్రీ బిరుదమిచ్చి గౌరవించినది. కడపజిల్లాలో 1885లో ఆరంభమైన సురభి నాటక సమాజమువారిలో ఇంటి ఆడువారు వేషములు ధరించుట కలదు, కాని వారిది కుటుంబములే నాటకసమాజములైన ప్రత్యేక జీవితము. చదువుకొన్న గృహస్థుల యిండ్లనుండి స్త్రీలు రంగమెక్కుట మాత్రము ఊహకందని విషయము.

రాఘవగారు ఆ గీటు దాటించిరి. కొమ్మూరి పద్మావతీదేవిగారి వంటి విద్యావతులగు గృహిణులను ప్రోత్సహించి తమ సరసన నటింపజేసిరి. పి. వి. రాజమన్నారుగారు రచించిన తప్పెవరిది అను సాంఘిక నాటకమును వారు ఈ విధముగానే ప్రదర్శించిరి. అందులో రాజులు లేరు, కిరీటములు లేవు. మన యిండ్లవంటి యింటిలో భార్యాభర్తల నడుమ పుట్టిన చిక్కు కథావస్తువు. అట్టి కథకు రాగములు తీయు స్త్రీవేషధారి పనికిరాడు. ఆ రాజమన్నారుగారును న్యాయవాదియే. 1948లో మదరాసు హైకోర్టునకు ప్రధాన న్యాయమూర్తియై, 1953లో ఏర్పడిన కేంద్ర సంగీత నాటక అకాడమీకి మొదటి అధ్యక్షులైరి. రంగస్థలమునకు గౌరవము ఏ దారిని నడచి వచ్చినదో దీనినిబట్టి తెలియగలదు.

అయితే ఆ గీటు దాటిన స్త్రీలు పడిన మాటలెన్నో. రాఘవగారిపైన కూడ నిందలు రాకపోలేదు. పురుషునకు లోకము ఒక మాట యని మరచును, స్త్రీకి పది మాటలు అని గుర్తుంచుకొనును. కావున ఈ విషయమున రాఘవగారి ధైర్యమును పొగడునపుడు, వారి ప్రక్కన నిలిచిన ఆ సోదరీమణుల ధైర్యము అంతకంటె పెద్దదని చెప్పుట న్యాయము.

తెలుగు మాటలాడు చిత్రములు 1930 తరువాత బయలుదేరి రంగస్థల నటులను పిలువసాగినవి. 1936లో ఒకే కథను రెండు సంస్థలు పోటీపడి చిత్రించినవి. ఒకటి ద్రౌపదీ వస్త్రాపహరణము, రెండవది ద్రౌపదీ మానసంరక్షణము. రెండవదానిలో రాఘవగారు దుర్యోధనుడు. శ్రీకృష్ణ పాత్రధారి బందా కనకలింగేశ్వరరావుగారు. వీరును న్యాయవాదియే. 1938లో ఏలూరున ప్రభాత్ థియేటరును నెలకొల్పినవారు, తరువాత కూచిపూడి నాట్యాభివృద్ధికి పాటుపడినవారు. ఇంతటి నటులున్నను ఆ చిత్రము జయింపలేదు, ఎదుటి చిత్రమే జనాదరణ పొందినది. అప్పటికి రాఘవగారికి ఏబదియారేండ్లు. ఎదుట ప్రేక్షకుడు లేని చోట, యంత్రము ముందు నటించుట వారికి క్రొత్త. ఓటమి ఓటమియే. దానిని మనము కప్పిపుచ్చవలసిన పని లేదు.

ఆ ఓటమి తరువాత మూడేండ్లకు వచ్చినది రైతుబిడ్డ. పల్లెటూరివారమగు మనకు రాఘవగారిని అతి సన్నిహితులను చేసినది ఈ చిత్రమే. గూడవల్లి రామబ్రహ్మముగారి దర్శకత్వమున 1939లో విడుదలైన ఈ చిత్రములో రాఘవగారు నర్సిరెడ్డి యను రైతు. జమీందారీ గ్రామములో ఎన్నికలు వచ్చినపుడు దొరలు చెప్పినవారి ప్రక్కన గాక రైతుల ప్రక్కన నిలిచిన సామాన్యుడు ఎన్ని బాధలకు గురియగునో అందలి కథ. దుర్యోధనుని కిరీటము, పఠానుని ఖడ్గము ధరించిన చేయి ఇపుడు కర్ర పట్టి, తలకు గుడ్డ చుట్టి గట్టుమీద నిలిచినది. జీవితాంతము వారు కోరిన సహజ నటనమునకు తగిన పాత్ర కడకు లభించినది.

ఈ చిత్రములో వారితో కూడ నటించినవారి పూర్వోత్తరములు చూచిన ఆశ్చర్యము కలుగును. వ్యావహారిక భాషోద్యమ నాయకులు గిడుగు రామమూర్తి పంతులుగారి కుమారులు, స్వయముగా భాషాపండితులు అగు గిడుగు వేంకట సీతాపతిగారు ఇందు నటులు. రైతు నాయకుడగు రామిరెడ్డిగా నటించిన కొసరాజు రాఘవయ్యగారు తరువాతి కాలమున జానపదుల నుడికారముతో చిత్రగీతములు వ్రాసి ఇంటింట పేరొందిరి. టంగుటూరి ప్రకాశం పంతులుగారి సోదరుని కుమార్తె సూర్యకుమారి ఇందులో పదునాలుగేండ్ల బాలిక. ఆమె తరువాత విదేశములకేగి, 1961లో న్యూయార్కునందు రవీంద్రుని నాటకములో రాణి పాత్ర ధరించి మెప్పుపొంది, లండనులో స్థిరపడి 2005లో మరణించినది. కూచిపూడి కళాకారులగు వేదాంతం రాఘవయ్యగారు ఈ చిత్రములో దశావతార శబ్దమును నర్తించిరి. 1953లో దేవదాసు చిత్రమునకు దర్శకులు వారే. పండితుడు, రైతుకవి, దేశభక్తుల యింటి బాలిక, భాగవతుల నర్తకుడు, వీరందరి నడుమ పెద్ద దిక్కుగా న్యాయవాదియగు నటుడు. ఇట్టి కూటమి వేతనమునకు మాత్రమే ఏర్పడునది కాదు.

చిత్రము విడుదల కాగానే జమీందారులకు కోపము వచ్చినది. వారి ఒత్తిడి వలన కొన్నిచోట్ల ప్రదర్శనము నిషేధింపబడినది. అందువలన నిర్మాతలకు నష్టము కలిగినది. కాని ఒక నాటకమునో చిత్రమునో చూచి అధికారము గలవారు భయపడిరన్నచో అందు సత్యమున్నదని యర్థము. చిత్రము వచ్చిన తొమ్మిదేండ్లకు, 1948లో, మదరాసు రాష్ట్రమున జమీందారీల రద్దునకు చట్టము వచ్చినది. ఆ చట్టము ఈ చిత్రమువలననే వచ్చినదని ఎవరు నమ్ముదురు? దాని వెనుక రైతుల సుదీర్ఘ పోరాటమున్నది. అయినను ఆ పోరాటమును అక్షరములు రానివారికి సైతము కన్నులకు కట్టించిన పుణ్యము ఈ నటబృందమునకు దక్కినది.

1940లో చండిక యను చిత్రములో కూడ రాఘవగారు నటించిరి. తరువాత చిత్రములలో వారు కనబడలేదు. 1946వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన ఆ మహానటుడు తనువు చాలించిరి. వారిచేత రైతు వేషము కట్టించిన రామబ్రహ్మముగారును అదే సంవత్సరమున అక్టోబరు నెలలో అస్తమించిరి. స్వతంత్రభారతమును ఇరువురును చూడలేదు.

1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినది, నేడది కర్ణాటకములోనిది. అయినను రాఘవగారి పేరునుండి బళ్ళారిని ఎవరును వేరుచేయలేదు. ఆ పట్టణమున వారి పేర రాఘవ కళామందిరము కలదు. 1981లో భారత తపాలాశాఖ వారి చిత్రముతో తపాలాబిళ్ళ వెలువరించినది. ఎల్లలు మారినను వారిని తెలుగువారును, కన్నడిగులును తమవారనియే చెప్పుకొనుచున్నారు.

కవి పోయినను కావ్యము మిగులును, శిల్పి పోయినను శిల్పము మిగులును. నటుడు పోయిన ఏమి మిగులును? రాఘవగారి రుస్తుమును, హరిశ్చంద్రుని నేడు మనము చూడలేము. వారి నటనము చూచి కన్నీరు పెట్టినవారును గతించిరి. వారి కాలమున చిత్రములు చేరి నిలుపుకొన్నది కొద్దియే. కావున అట్టివారి కథను వ్రాసి దాచుట, దాచినదానిని చదివించుట గ్రంథాలయముల విధి. ఈ నాలుగు పుటలు ఆ విధిలో ఒక చిన్న భాగము.

చివరకు మన గ్రామ యువకులకు ఒక మాట. పద్యనాటకము మన సొత్తు. రాఘవగారు ఎంత వాదించినను తెలుగువారు పద్యమును విడువలేదు, విడువవలసిన పనియు లేదు. ఆ వాదములో వారు పూర్తిగా గెలువలేదనుట సత్యము. అయినను మీరు వచ్చు సంక్రాంతికి హరిశ్చంద్రుని వేషము కట్టినపుడు, పద్యము పాడుటకు ముందు ఒక్క క్షణమాగి, భార్యను అమ్ముకొనినవాని గుండె ఎట్లుండునో తలచుకొనుడు. ఆ తరువాత పాడుడు. ఎదుటివాడు మాటలాడునపుడు వినుడు. చంద్రమతి వేషము వేయుదునని మన బాలిక ఒకతె ముందుకు వచ్చినచో వెనుకకు నెట్టకుడు. అంతమాత్రము చేసినచో బళ్ళారి రాఘవగారు మన యూరికి వచ్చినట్లే.